ఖాతాలో పదకొండు లక్షలు, జీతాలకు మాత్రం డబ్బు లేదు

సాయంత్రం బడి (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మాది చిన్న సొసైటీ. హనుమకొండ చుట్టుపక్కల అయిదు బస్తీల్లో పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే కేంద్రాలు నడుపుతున్నాం. అయిదుగురు టీచర్లు, ఒక్కొక్కరికి నెలకు 14 వేలు. లెక్కలూ పర్యవేక్షణా చూసే అమ్మాయికి 26 వేలు. అంటే ఒకటో తారీకుకల్లా 96 వేలు సిద్ధంగా ఉండాలి. నేను రెండేళ్లుగా కార్యదర్శిని. బతుకుతెరువుకు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. లెక్కల్లో నా అజ్ఞానాన్ని మన్నించండి.

మొన్న కార్యవర్గ సమావేశంలో మా కోశాధికారి పాస్‌బుక్కు తెరిచి చూపించారు. నిల్వ 11,40,000. అందరి ముఖాలూ వెలిగాయి. అప్పుడు లెక్కల అమ్మాయి ఒక కాగితం తీసి చదివింది. అందులో 6,80,000 ఒక కంపెనీ మూడు ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ గదులకని ఇచ్చినది. గదుల్లో వైరింగు పూర్తి కాక అలాగే ఉండిపోయింది. 1,90,000 రూపాయలు 2023 జులైలో మోరంచపల్లి మునిగినప్పుడు వరద బాధితుల కోసం పోగుచేసి, ఖర్చుపెట్టగా మిగిలినవి. 2,00,000 రూపాయలు ఒక మాస్టారి కుటుంబం ఆయన పేరిట ఏటా బహుమతులివ్వమని ఇచ్చినవి. ఇవన్నీ తీసేస్తే 70,000. అందులోంచి అద్దె 12,000 కట్టాలి.

మా అధ్యక్షుడు ఏమన్నారంటే, "ఖాతాలో ఉన్నదంతా సంస్థ సొమ్మే కదా. కంప్యూటర్ల డబ్బులోంచి మూడు నెలల జీతాలు ఇచ్చేద్దాం. దసరాకు విరాళాలు రాగానే తిరిగి వేసేద్దాం." ఆయన చెడ్డ మనిషి కాదు. నిరుడు జీతాలు ఆగినప్పుడు సొంత జేబులోంచి 60 వేలు పెట్టారు. అందుకే ఆయన మాటకు ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఎందుకు ఒప్పడం లేదో వివరించడమూ చేతకావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట రిటైర్డు

ముప్పయి నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. ఇప్పుడు రెండు సంస్థలకు ఉచితంగా లెక్కలు చూసిపెడుతున్నాను. ముందుగా ఒక మాట. మీ లెక్కల అమ్మాయిని పోగొట్టుకోకండి. పాస్‌బుక్కులో అంకె చూసి మురిసిపోనివాళ్లు అరుదు.

మన ప్రాంతం వాళ్లకు దీన్ని చెరువు భాషలో చెబితే తేలిక. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు మనందరికీ తెలుసు. ప్రతి చెరువుకూ దాని తూము, ఆ తూము కింద దాని ఆయకట్టు. పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. కింది పొలం ఎండుతోందని పై చెరువు కట్ట తెగ్గొడితే ఊరు ఊరుకోదు, తరువాత నింపుతానని ఎంత మొత్తుకున్నా సరే. మీ పాస్‌బుక్కులో ఉన్నది ఒక చెరువు కాదు, నాలుగు చెరువులు. మీ ఆయకట్టుకు పారేది ఆ 70 వేల చెరువు ఒక్కటే.

"తిరిగి వేసేద్దాం" అన్నమాట బ్యాంకులో కూర్చుని వేలసార్లు విన్నాను. అన్నవాళ్లలో ఎక్కువమంది నిజాయితీపరులే. దసరా వస్తుంది, విరాళాలూ వస్తాయి, ఆ నెల జీతాలు కూడా అదే రోజున వస్తాయి. గుంత పూడదు. ఇంకో గ్రాంటు వచ్చి ఈ గుంతలో పడుతుంది, దాని గుంత మరోచోట మొదలవుతుంది. నాలుగేళ్లకు ఏ డబ్బు ఎవరిదో చెప్పగలిగినవాడు సంస్థలో ఉండడు.

కంపెనీ వాళ్లు ఖర్చు ధ్రువపత్రం అడుగుతారు. అప్పటికి కంప్యూటర్లు కొనకపోతే ఏం రాస్తారు? ఇంకో సంగతి, ఆ 6,80,000 మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీ కూడా ఆ గదుల పనికే చెందుతుంది. దాన్ని కూడా విడిగా రాయించండి.

మూడో మెట్టు (జనగామ)

పెద్దాయన చెప్పిన చెరువు పోలిక బాగుంది. నాకు ఒక సందేహం. తూము తెరిచి మూసే నీరటికి కూలి ఎవరిస్తారు? పూర్వం ఆయకట్టు రైతులు కళ్లం దగ్గర గింజలు కొలిచేవారు. ఇప్పుడు కంపెనీ కంప్యూటర్లకిస్తుంది, దాత పుస్తకాలకిస్తాడు, ఆఫీసు అద్దెకూ లెక్కల మనిషి జీతానికీ ఎవరూ ఇవ్వరు. "మా డబ్బు నేరుగా పిల్లలకే చేరాలి" అంటారు. పిల్లల దగ్గరికి డబ్బు తనంతట తాను నడిచి వెళుతుందా? సంస్థలు పద్దులు కలిపేయడానికి అసలు కారణం ఇదే. నీతులు చెప్పేముందు ఇది చూడండి.

పద్దుల పురుగు

జనగామ మిత్రుడి కోపంలో న్యాయం ఉంది. కానీ తప్పు సగం మనదే. ప్రతిపాదన రాసేటప్పుడే అద్దెలో వాటా, కరెంటు బిల్లులో వాటా, లెక్కల మనిషి సమయంలో వాటా రాయాలి. అడిగితే గ్రాంటు పోతుందేమోనన్న భయంతో మనమే సున్నా వేసి పంపుతాం. పైగా కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు గురించి "సీఎస్ఆర్ సొమ్ములో నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదట" అని ఒక పుకారు తిరుగుతోంది. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. ప్రాజెక్టును రూపొందించడానికీ, అమలు చేయడానికీ, పర్యవేక్షించడానికీ నేరుగా అయ్యే ఖర్చు ఆ లెక్కలోకి రాదు. కంప్యూటర్ గదులు తిరిగి చూసే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే. బడ్జెట్లో ముందే చూపించి ఉంటే మీ అమ్మాయి జీతంలో కొంత భాగం న్యాయంగా అక్కడి నుంచే వచ్చేది.

నేను ఆడిటర్ దగ్గర పదిహేనేళ్లుగా ఇలాంటి సంస్థల ఫైళ్లు చూస్తున్నాను, కాబట్టి మిగతాది కూడా చెప్పేస్తాను. సెక్షన్లు, ఫారాల నెంబర్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోవి చెబుతున్నాను. మీ దగ్గరున్న పాత కాగితాలన్నిటి మీదా అవే ఉంటాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది, నెంబర్లు మారాయి.

మీ వరద డబ్బు గురించి. 12ఏబీ కింద పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సంస్థ ఆశయాలకు ఖర్చు చేయాలి. 15 శాతం వరకు ఏ సంజాయిషీ లేకుండా ఉంచుకోవచ్చు. అంతకుమించి మిగిలితే దేనికోసం దాస్తున్నారో చెబుతూ ఫారం 10 వేయాలి, అయిదేళ్లలో ఆ పనికే ఖర్చు చేయాలి. మీరు వేశారా? 2023-24లో మీ మొత్తం ఆదాయం ఎంత?

మాస్టారి 2 లక్షల గురించి. అసలు కదపకూడని మూలధనంగా ఇస్తున్నామని ఆ కుటుంబం రాసిచ్చిన ఉత్తరం ఉందా? ఉంటేనే అది కార్పస్. ఉత్తరం లేకపోతే మామూలు విరాళం కింద లెక్క. ఉన్నట్లయితే సేవింగ్స్ ఖాతాలో మిగతా డబ్బుతో కలిపి ఉంచకండి, విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి.

అధ్యక్షుడి 60 వేల గురించి. అది విరాళమా, అప్పా? నగదా, చెక్కా? 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదు, నగదుగా తీర్చకూడదు. పెద్దమనిషి చేసిన మంచి పని రేపు ఆయన మెడకే చుట్టుకోకూడదు కదా.

సాయంత్రం బడి (హనుమకొండ)

ఆ ఏడాది ఆదాయం మొత్తం 14 లక్షలు. ఫారం 10 అన్నమాట ఇప్పుడే వింటున్నాను. ఉత్తరం ఉంది, మాస్టారి భార్య స్వదస్తూరీతో రాసినది, "అసలు ముట్టుకోకండి, వడ్డీతో పిల్లలకు పుస్తకాలు కొనివ్వండి" అని. అధ్యక్షుడిచ్చిన 60 వేలు రెండు దఫాలుగా, నగదుగా. ఓచరు లేదు. గుండె దడదడలాడుతోంది.

పద్దుల పురుగు

దడ తగ్గించుకోండి. 14 లక్షల్లో 15 శాతం 2,10,000. ఆ ఏడాది మిగిలింది ఆ 1,90,000 ఒక్కటే అయితే ఫారం 10 అవసరమే రాలేదు. అధ్యక్షుడి సొమ్ము ఆయన మనసులో విరాళమే అయితే విరాళంగా రాసి రసీదు ఇవ్వండి, పాత తేదీ మాత్రం వేయకండి. దాతకు పన్నులో దొరికే 80జీ మినహాయింపు ఆయనకు దక్కదు, 2,000 మించిన నగదు విరాళానికి అది వర్తించదు. అప్పే అనుకుంటే మీ ఆడిటర్‌తో నేరుగా మాట్లాడండి.

ఎనుమాముల

నేను మిర్చి వ్యాపారిని. సంస్థలకు డబ్బిచ్చే వైపు నుంచి మాట్లాడతాను, ఇక్కడ ఆ గొంతు వినిపించడం లేదు.

సీజనులో మార్కెట్ యార్డుకు రసీదు పుస్తకాలు పట్టుకుని ఎంతమంది వస్తారో చెప్పలేను. నగదు ఇమ్మంటారు. 2,000 దాటితే పన్నులో నాకేమీ కలిసిరాదని వాళ్లలో చాలామందికి తెలియదు. ఒకాయన అయితే 20 వేలకు పది రసీదులు పది పేర్ల మీద రాసిస్తానన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఫోను ఎత్తడం మానేశాను. అంత తేలిగ్గా దొంగ కాగితం రాసేవాడు నా 20 వేలను మాత్రం నిజంగా రాస్తాడా?

వరదలప్పుడు ఇంకో తమాషా. సంస్థ పేరు ఒకటి, యూపీఐ కోడు స్కాన్ చేస్తే వచ్చే పేరు ఇంకొకటి. అడిగితే "మా తమ్ముడి ఖాతానండీ, తరువాత మార్చేస్తాం" అన్నారు. నేనిచ్చాను, ఎందుకంటే ఊళ్లో నీళ్లున్నాయి. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఇవాళ్టికీ తెలియదు.

నాకు కావలసింది పెద్ద నివేదికా కాదు, ఫొటోలూ కాదు. ఇచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత. మిగిలితే ఏం చేస్తున్నారు. పోస్టుకార్డు మీద రాసినా చాలు.

పద్దుల పురుగు

దాతలందరూ ఈయనలా ఉంటే నా పని సగం తగ్గిపోతుంది. పది పేర్ల రసీదులు ఇప్పుడు అంత తేలిక కాదు. 80జీ ఉన్న సంస్థ ప్రతి దాత గుర్తింపు వివరాలతో ఏటా మే 31లోగా ఫారం 10బీడీ దాఖలు చేయాలి, దాన్నిబట్టే దాతకు ధ్రువపత్రం వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. రెండు నెలలు మరిచిపోతే మీ అద్దె ఖర్చు ఎంతో అంత.

ములుగు దారి

నేను క్షేత్రంలో పనిచేసే మనిషిని. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు గూడేల్లో పోషకాహారం మీద పనిచేశాను. లెక్కలంటే మాకు ఆఫీసువాళ్లు వేసే మొట్టికాయలని అర్థం. ఆటోవాడు బిల్లు ఇస్తాడా? గూడెంలో కొన్న కోడిగుడ్లకు రసీదు ఎక్కడిది? ఆఫీసులో మాత్రం "బిల్లు లేకపోతే డబ్బు లేదు" అంటారు. చివరికి ఏమవుతుంది? పట్నంలో తెలిసిన దుకాణంలో ఖాళీ బిల్లులు తెచ్చి రాసుకోవడం. నిజమైన ఖర్చుకు అబద్ధపు కాగితం. నేను చేశాను, చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఆరేళ్ల కిందట నేను అప్పుడు పనిచేస్తున్న సంస్థలో 38 వేల తేడా వచ్చింది. వేలు నావైపే చూపించారు. నేను ఒక్క రూపాయి తీసుకోలేదు. కానీ నా ఓచర్లలో ఆ దుకాణం బిల్లులు ఉన్నాయి కదా, ఎవరు నమ్ముతారు? తరువాత తేలింది, ఒక చెక్కు రెండుసార్లు పుస్తకంలో ఎక్కింది. నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాన్ని సరిచూసుకుని ఉంటే మొదటి నెలలోనే దొరికేది. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ మా ఇంట్లో నేను తలెత్తుకుని అన్నం తినలేదు. క్షమించమని ఎవరూ అడగలేదు, అది వేరే కథ.

కాజీపేట రిటైర్డు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. లెక్కలు దొంగను పట్టుకోవడానికని అందరూ అనుకుంటారు. దొంగ ఎలాగూ తన కాగితాలు శుభ్రంగా ఉంచుకుంటాడు. సరైన లెక్క లేక నలిగిపోయేది మీలాంటివాళ్లే.

బిల్లు దొరకని చోట సంస్థే తన ఓచరు రాసుకోవచ్చు. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎంత, ఎవరికి, డబ్బు అందుకున్నవాడి సంతకం లేదా వేలిముద్ర, వీలైతే ఫోను నెంబరు. 5,000 దాటిన రసీదు అయితే రూపాయి రెవెన్యూ స్టాంపు. బిల్లు లేకుండా ఒక్కో ఖర్చు ఎంతవరకు ఒప్పుకుంటారో కార్యవర్గం ముందే తీర్మానం చేసి రాసి పెట్టాలి. అప్పుడు ఎవరూ ఖాళీ బిల్లుల కోసం దుకాణాల వెంట పడనక్కర్లేదు. ఒక జాగ్రత్త, ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు సంస్థ ఆశయాలకు చేసిన ఖర్చుగా లెక్కకు రాదు.

పరకాల పాత కార్యదర్శి

మా సంస్థలో చెక్కుల మీద ఇద్దరి సంతకాలు తప్పనిసరి. గొప్పగా చెప్పుకునేవాళ్లం. అధ్యక్షుడు కొడుకు దగ్గరికి అమెరికా వెళుతూ ఇరవై చెక్కుల మీద సంతకం చేసి ఇచ్చి వెళ్లాడు. ఇక ఇద్దరేమిటి, ముగ్గురేమిటి. ఏమీ జరగలేదు, అదృష్టం.

అన్నట్టు అమెరికా అంటే గుర్తొచ్చింది. అక్కడి మన ఊరివాళ్లు డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

పద్దుల పురుగు

పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరుడైతే, తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. మేనమామ అయినా, చిన్ననాటి దోస్తు అయినా ఇదే రూలు. బాధనిపిస్తుంది, కానీ ముందు పాస్‌పోర్టు అడగండి.

మూడో మెట్టు (జనగామ)

ఇన్ని రూల్స్ విన్నాక సంస్థ మూసేసి ములుకనూరు వాళ్లలా సహకార సంఘం పెట్టుకోవడం మేలనిపిస్తోంది. 1956 నుంచి నడుస్తోంది.

కాజీపేట రిటైర్డు

చట్టం వేరు, దారి వేరు బాబూ. అక్కడ సొమ్ము సభ్యులది, అడిగే హక్కు సభ్యులది. మీ సంస్థలో చదువుకునే పిల్లవాడు వచ్చి లెక్క అడగడు. అందుకే అడగకముందే చెప్పాలి.

కార్యదర్శి గారూ, మీ కార్యవర్గానికి ప్రతినెలా ఒకే ఒక కాగితం పెట్టండి. పైన బ్యాంకు నిల్వ. దాని కింద ఎవరెవరి సొమ్ము ఎంత అన్నది. చివరి వరుసలో మనది ఎంత, దానితో ఎన్ని నెలల జీతాలు వస్తాయి. మరో వైపు రాబోయే పన్నెండు నెలల గళ్లు గీసి, ఏ నెలలో డబ్బు రావచ్చు, ఏ నెలలో పోతుంది అన్నది పెన్సిలుతో రాయండి. విరాళాలు మార్చి చివరిలో, దసరాకు, మిర్చి సీజనులో వస్తాయి. జీతాలు పన్నెండు నెలలూ ఉంటాయి. ఇది ముందే గీసి ఉంటే ఈ కష్టం మీకు మూడు నెలల ముందే కనిపించేది.

మూడు నెలల జీతాలకు సరిపడా నిల్వ, మీకైతే సుమారు 2,90,000, నెమ్మదిగా కూడబెట్టండి. సేవాసంస్థ దాచుకోవడం పాపమన్న భావన మనవాళ్లలో గట్టిగా ఉంది. ఆ 15 శాతం చట్టమే ఉంచుకోనిస్తోంది.

సాయంత్రం బడి (హనుమకొండ)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

సిబ్బందిని కూర్చోబెట్టి ఆ కాగితం చూపించాం. చూపించాలా వద్దా అని అధ్యక్షుడికీ నాకూ పెద్ద వాదనే జరిగింది. చూపించాక ఒక టీచరు అన్నది, "మేము ఇంకా ఘోరంగా ఉందనుకున్నాం సార్." ఒకటో తారీకున అందరికీ సగం జీతం, అంటే 48 వేలు ఇచ్చాం. అద్దె కట్టాక 10 వేలు మిగిలాయి. అధ్యక్షుడు ఈసారి 40 వేలు అప్పుగా ఇచ్చారు, చెక్కుతో, వడ్డీ లేదని తీర్మానంలో రాయించి. ఇరవయ్యో తారీకుకు మిగతా జీతాలూ ఇచ్చేశాం. రెండు వేలు మిగిలాయి, నవ్వకండి.

వరద డబ్బు విషయంలో అప్పటి దాతలు 41 మందికీ ఉత్తరాలు రాశాం, ఫోనులు చేశాం. మిగిలిన డబ్బు సాయంత్రం కేంద్రాలకు వాడుకోవచ్చా అని. 29 మంది సరేనని రాతపూర్వకంగా ఇచ్చారు, వాళ్ల వాటా 1,22,000. ముగ్గురు వద్దన్నారు, వరదకే ఉంచమన్నారు, 11,000. తొమ్మిదిమంది దొరకలేదు. వాళ్ల 57,000 కూడా ముట్టుకోలేదు. వద్దన్న ముగ్గురిలో ఒకాయన, "మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు" అని మాస్టారి నిధికి వేరుగా 5,000 పంపారు, బ్యాంకు ద్వారా.

కంపెనీకి కూడా రాశాం. పర్యవేక్షణ జీతం ఇవ్వలేమన్నారు, బడ్జెట్లో లేదు కాబట్టి. గడువు మాత్రం నాలుగు నెలలు పొడిగించారు. వచ్చే ప్రతిపాదనలో సున్నా వేయను.

ఎనుమాముల

ఆ 29 మందిలో నేనూ ఉన్నాను. మీ ఉత్తరం వచ్చినప్పుడు ఈ చర్చ మీదేనని తెలియదు.

ములుగు దారి

కార్యదర్శి గారూ, ఆ నెలవారీ కాగితం నమూనా, అంకెలు తీసేసి, ఇక్కడ పెట్టగలరా? మా ఇప్పటి ఆఫీసులో చూపించాలి. ఆటో ఓచరు నమూనా కూడా ఉంటే.

సాయంత్రం బడి (హనుమకొండ)

కాగితం రేపు పెడతాను. ఆటో ఓచరు మా లెక్కల అమ్మాయి ఇంకా రాస్తోంది. వేలిముద్రకు గడి ఎంత పెద్దగా ఉండాలని అడుగుతోంది.